తొమ్మిది గోల్స్, మూడు పాయింట్లు

సీజన్ మొదటి నెలలో ఫుట్‌బాల్ ఫలితాలు క్లబ్బులకి ఒకటి చెబుతాయి, ఫాంటసీ లీగ్ ఆడేవాళ్లకి ఇంకొకటి చెబుతాయి. రెంటినీ నమ్మి మునిగినవాళ్లున్నారు, నమ్మక మునిగినవాళ్లూ ఉన్నారు.

2022 ఆగస్టు 27, శనివారం. ఇంగ్లండ్‌లో మధ్యాహ్నం మూడు, మనకి రాత్రి ఏడున్నర. ఆన్‌ఫీల్డ్‌లో బోర్న్‌మత్ జట్టుని లివర్‌పూల్ ఉతికి ఆరేస్తోంది. సగం ఆటకే ఐదు గోల్స్. ఆట ముగిసేసరికి తొమ్మిది. ప్రీమియర్ లీగ్‌లో అంతకు మించిన తేడాతో ఎవరూ గెలిచింది లేదు. ఫిర్మినో తాను రెండు వేసి, మరో మూడు వేయించాడు. డియాజ్ రెండు వేశాడు. వెనకుండి కాపలా కాయాల్సిన వాన్ డైక్, అలెగ్జాండర్-ఆర్నాల్డ్ కూడా చెరొకటి వేసుకున్నారు. బోర్న్‌మత్ ఆటగాడొకడు తన గోల్‌లోకే ఒకటి కొట్టాడు. ఇంతమందికి ఇన్ని దొరికిన పూట మహమ్మద్ సలాకి మాత్రం ఏమీ దొరకలేదు. గోలూ లేదు, గోల్‌కి ముందు ఆఖరి పాసూ (అసిస్ట్) లేదు.

స్టేడియంలో పాటలు పాడుతున్న జనం దీన్ని పట్టించుకుని ఉండరు. ఫోన్లు పట్టుకుని కూర్చున్నవాళ్లు పట్టించుకున్నారు. ఫాంటసీ ప్రీమియర్ లీగ్‌లో ఆ ఏడాది అందరికంటే ఖరీదైన ఆటగాడు సలా. అతన్ని కెప్టెన్‌గా పెట్టుకుంటే వచ్చే పాయింట్లు రెట్టింపు అవుతాయి. ఆ రోజు అతనికి వచ్చినవి మూడు. అరవై నిమిషాలు దాటి మైదానంలో ఉన్నందుకు రెండు, అవతలి జట్టు గోల్ వేయనందుకు ఒకటి. రెట్టింపు చేస్తే ఆరు. సరిగ్గా అదే వేళకి మాంచెస్టర్‌లో క్రిస్టల్ ప్యాలెస్ మీద 0-2తో వెనకబడ్డ సిటీ జట్టు రెండో సగంలో లేచి 4-2తో గెలిచింది. అందులో మూడు గోల్స్ ఎర్లింగ్ హాలండ్‌వి. అతనికి 17 పాయింట్లు, కెప్టెన్‌గా పెట్టినవాళ్లకి 34. ఒక జట్టు తొమ్మిది గోల్స్ వేసింది, ఇంకో జట్టు కిందామీదా పడి గెలిచింది. మొదటి జట్టుని నమ్ముకున్నవాడు రెండో జట్టుని నమ్ముకున్నవాడి కంటే 28 పాయింట్లు వెనకపడ్డాడు.

ఆట తెలియనివాళ్ల కోసం రెండు ముక్కలు. మీ చేతికి 10 కోట్ల పౌండ్ల ఉత్తుత్తి డబ్బు ఇస్తారు. ఆడేవాళ్లు దాన్ని ‘వంద’ అంటారు. సలా ఆ ఏడు పదమూడు, హాలండ్ పదకొండున్నర. వందలోనే పదిహేను మందిని కొనాలి. ఇద్దరు గోల్‌కీపర్లు, ఐదుగురు డిఫెండర్లు, ఐదుగురు మిడ్‌ఫీల్డర్లు, ముగ్గురు ఫార్వర్డ్‌లు. ఒకే క్లబ్ నుంచి ముగ్గురికి మించకూడదు. వాళ్లు నిజం మైదానంలో నిజంగా ఏం చేస్తే అది మీ ఖాతాలో పాయింట్లవుతుంది. గోల్ వేస్తే ఫార్వర్డ్‌కి నాలుగు, మిడ్‌ఫీల్డర్‌కి ఐదు, డిఫెండర్‌కి ఆరు. ఎర్రకార్డు పడితే మూడు కోత. వారానికి ఒకణ్ని ఉచితంగా మార్చుకోవచ్చు. ఇంకొకణ్ని మార్చాలంటే నాలుగు పాయింట్లు వదులుకోవాలి, దీన్నే ‘హిట్ తీసుకోవడం’ అంటారు. జట్టు మొత్తాన్ని ఒక్కసారిగా తిరగరాసుకునే ‘వైల్డ్‌కార్డ్’ ఒకటుంటుంది. ఎక్కువమంది కొంటున్నవాడి ధర పెరుగుతుంది, అమ్ముతున్నవాడిది పడిపోతుంది. అంటే స్టాక్‌మార్కెట్‌లో ఉండే తొందరంతా ఇక్కడా ఉంది, డబ్బు మాత్రం లేదు.

అసలు చిక్కు ఈ తొందరతోనే. ఆగస్టులో మనం కొనేది జరిగిపోయిన ఆటని. పాయింట్లు వచ్చేది ఇంకా జరగని ఆట నుంచి. నాట్లేసిన వారానికే పొలం గట్టు మీద నిలబడి ఎకరానికి ఎన్ని బస్తాలో లెక్క కట్టేవాళ్లుంటారే, ఫాంటసీ ఆడేవాళ్లంతా మొదటి నెలలో ఆ బాపతే.

తలకిందుల పట్టిక

2021 ఆగస్టు చివర ప్రీమియర్ లీగ్ పట్టిక ఒకసారి గుర్తు చేసుకుందాం. పైన టాటెన్‌హామ్. మూడు ఆటలు, మూడు గెలుపులు, మూడూ 1-0. అందులో ఒకటి ఛాంపియన్ మాంచెస్టర్ సిటీ మీద. కోచ్ నూనో ఎస్పిరిటో శాంటోకి ఆ నెల ఉత్తమ మేనేజర్ బహుమతి. అట్టడుగున ఆర్సెనల్. మూడు ఆటలు, మూడు ఓటములు, వేసిన గోల్స్ సున్నా. కొత్తగా పై డివిజన్‌కి వచ్చిన బ్రెంట్‌ఫర్డ్ చేతిలో 2-0, చెల్సీ చేతిలో 2-0, సిటీ చేతిలో 5-0. కోచ్ ఆర్టెటా ఉద్యోగం ఈ వారం పోతుందా వచ్చే వారం పోతుందా అని పందేలు.

నవంబరు 1న ఉద్యోగం పోయింది. ఆర్టెటాది కాదు, నూనోది. సెప్టెంబరులో టాటెన్‌హామ్ ప్యాలెస్ చేతిలో మూడు, చెల్సీ చేతిలో మూడు, ఆర్సెనల్ చేతిలో మూడు తిని కుదేలైంది. ఆ నెల ఉత్తమ మేనేజర్ ఆర్టెటా.

తీరా మే నెల వచ్చేసరికి టాటెన్‌హామ్ నాలుగో స్థానం, ఆర్సెనల్ ఐదో స్థానం. మధ్య తేడా రెండు పాయింట్లు. పట్టికలో ఒకటికీ ఇరవైకీ ఉన్న దూరం తొమ్మిది నెలల తర్వాత నాలుగుకీ ఐదుకీ ఉన్నంతైంది.

మరి ఆగస్టు అబద్ధం చెప్పిందా? స్కోర్లలో అబద్ధమేమీ లేదు. కానీ ఆ మూడు ఆటల్లో ఆర్సెనల్ ఎదుర్కొన్న ముగ్గురిలో ఒకరు దేశ ఛాంపియన్లు, ఇంకొకరు యూరప్ ఛాంపియన్లు. కొత్త గోల్‌కీపర్ రామ్స్‌డేల్ లీగ్‌లో తొలి ఆట ఆడింది సెప్టెంబరు 11న. అదే రోజు నార్విచ్ మీద 1-0తో ఆర్సెనల్ ఖాతా తెరిచింది. ఆటగాళ్ల కొనుగోళ్ల గడువు ఆగస్టు ఆఖరుకి గానీ ముగియదు కాబట్టి మొదటి మూడు వారాల్లో మనం చూసేది సగం కట్టిన ఇళ్లనే. అయినా జనం గృహప్రవేశానికి వచ్చినట్టు వంక పెట్టి వెళ్తారు.

మరుసటి ఏడు ఇంకా వింత. మాంచెస్టర్ యునైటెడ్ కొత్త కోచ్ టెన్ హాగ్ తొలి ఆట సొంత మైదానంలో బ్రైటన్ చేతిలో 2-1తో ఓడింది. ఆరు రోజుల తర్వాత బ్రెంట్‌ఫర్డ్‌లో సగం ఆటకే నాలుగు గోల్స్ తింది, 4-0. పట్టికలో ఆఖరు. ఆ జట్టే సీజన్ చివర 75 పాయింట్లతో మూడో స్థానంలో నిలిచింది. తొమ్మిది గోల్స్ వేసిన లివర్‌పూల్ ఐదో స్థానంతో సరిపెట్టుకుంది. తొమ్మిది తిన్న బోర్న్‌మత్ మూడు రోజులకే కోచ్ స్కాట్ పార్కర్‌ని పంపించేసింది, కానీ కింది డివిజన్‌కి జారకుండా తప్పించుకుంది. అంతేకాదు, మార్చి 11న తన మైదానంలో లివర్‌పూల్‌ని 1-0తో ఓడించింది. ఆ ఆటలో సలా పెనాల్టీని బయటికి కొట్టాడు. ఫాంటసీలో పెనాల్టీ పోగొడితే రెండు పాయింట్లు కోత. అంతకు వారం ముందే ఇదే లివర్‌పూల్ యునైటెడ్‌ని 7-0తో చితక్కొట్టింది, సలా రెండు గోల్స్ వేశాడు. వాటిని చూసి బోర్న్‌మత్ ఆటకి అతన్ని కెప్టెన్ చేసినవాళ్ల సంగతి చెప్పక్కర్లేదు.

మొదటి నెల కష్టం అన్ని వేళలా తాత్కాలికమే అని కూడా అనుకోవద్దు. అదే సీజన్‌లో లెస్టర్ మొదటి ఏడు ఆటల్లో ఒక్క పాయింటే తెచ్చుకుంది. ‘మంచి జట్టే, కుదురుకుంటుంది’ అన్నారు. మేలో కింది డివిజన్‌కి పోయింది. ఏడేళ్ల ముందు అదే లెస్టర్ 2015 ఆగస్టు 8న సండర్లాండ్‌ని 4-2తో ఓడించి సీజన్ మొదలెట్టింది. మారెజ్ రెండు, వార్డీ ఒకటి. ‘మొదటి వారం మెరుపులు’ అని నవ్వుకున్నారు. ఆ మెరుపు మే దాకా ఆరలేదు, కప్పు వాళ్లదే. ఐదున్నరకి దొరికిన మారెజ్‌ని ఆగస్టులోనే కొని అట్టే పెట్టుకున్నవాడికి ఆ ఏడాది 240 పాయింట్లు. అంత చవకగా అంత సంపాదించిపెట్టిన ఆటగాడు ఫాంటసీలో అరుదు.

గోల్స్ కాదు, తావు చూడాలి

అయితే ఏ ఆగస్టుని నమ్మాలి? నా మటుకు నాకు ఒక తేడా కనిపిస్తుంది. గోల్స్ ఎన్ని వేశాడన్నది ఒక సంగతి. ఎక్కడ నిలబడి ఆడుతున్నాడు, ఎన్ని నిమిషాలు ఆడుతున్నాడు, పెనాల్టీలు ఎవరు కొడుతున్నారు అన్నది వేరే సంగతి. మొదటిది వారం వారం మారుతుంది. రెండోది కోచ్ తీసుకున్న నిర్ణయం, ఒక పట్టాన మారదు.

2019-20 సీజన్ దీనికి మంచి ఉదాహరణ. ఆ ఆగస్టులో అందరి నోటా నార్విచ్ ఫార్వర్డ్ టేము పుక్కి పేరే. తొలి ఆటలో లివర్‌పూల్ మీద ఒకటి, న్యూకాజిల్ మీద హ్యాట్రిక్, చెల్సీ మీద ఒకటి, సెప్టెంబరులో మాంచెస్టర్ సిటీని 3-2తో పడగొట్టినప్పుడు ఇంకొకటి. ఐదు ఆటల్లో ఆరు గోల్స్. ధర ఆరున్నర. కొననివాడు వెర్రివాడన్నట్టుండేది. సీజన్ అయ్యేసరికి అతని మొత్తం గోల్స్ పదకొండు. అంటే మిగతా 33 వారాల్లో ఐదు. నార్విచ్ 21 పాయింట్లతో ఆఖరి స్థానం.

అదే ఆగస్టులో షెఫీల్డ్ యునైటెడ్‌లో జాన్ లండ్‌స్ట్రమ్ అనే ఆటగాడున్నాడు. ఫాంటసీ జాబితాలో అతని పేరు పక్కన ‘డిఫెండర్’ అని రాశారు, ధర నాలుగు. అంతకంటే చవక లేదు. మైదానంలో చూస్తే అతను ఆడుతున్నది మిడ్‌ఫీల్డ్‌లో, అవతలి గోల్ దాకా దూసుకెళ్తూ. జట్టేమో గోల్స్ ఇవ్వని జట్టు. అంటే గోల్ ఇవ్వని ఆటకి (క్లీన్‌షీట్) డిఫెండర్‌గా నాలుగు, పొరపాటున గోల్ వేస్తే ఆరు. మొదటి ఆట టీవీలో పది నిమిషాలు చూసినవాడికి ఈ సంగతి తెలిసిపోయింది, స్కోర్ మాత్రమే చదివినవాడికి తెలియలేదు. నవంబరు 2న బర్న్‌లీ మీద 3-0 గెలుపులో అతను రెండు గోల్స్ వేశాడు. క్లీన్‌షీట్, బోనస్ కలిపి ఒక్క ఆటలో 21 పాయింట్లు. అన్నట్టు ఆ సీజన్ డిసెంబరులో ఫాంటసీ ప్రపంచ పట్టికలో కొంతసేపు మొదటి స్థానంలో నిలిచింది చదరంగం ప్రపంచ ఛాంపియన్ మాగ్నస్ కార్ల్‌సన్. జాబితాలో రాసిందానికీ మైదానంలో జరిగేదానికీ ఉన్న సందు అతని కంటికి ఆనకపోతే ఇంకెవరి కంటికి ఆనుతుంది!

తావు ఒక్కసారిగా చేతులు మారిన కథ బ్రూనో ఫెర్నాండెస్‌ది. 2021 ఆగస్టు 14న లీడ్స్ మీద 5-1 గెలుపులో హ్యాట్రిక్ కొట్టాడు. మాంచెస్టర్ యునైటెడ్‌లో పెనాల్టీలు అతనివే, జట్టంతా అతని చుట్టూనే తిరుగుతుంది. రెండు వారాలు గడిచాయి. ఆగస్టు ఆఖరున క్రిస్టియానో రొనాల్డో ఆ క్లబ్‌కి తిరిగొచ్చాడు. సెప్టెంబరు 11న తొలి ఆటలోనే న్యూకాజిల్ మీద రెండు గోల్స్. సెప్టెంబరు 25న ఆస్టన్ విల్లాతో ఆఖరి నిమిషాల్లో పెనాల్టీ దొరికితే ఫెర్నాండెసే కొట్టాడు. బంతి గోల్ మీదుగా ఎగిరిపోయింది, యునైటెడ్ 1-0తో ఓడింది. ఆ ఏడాది లీగ్‌లో అతని గోల్స్ పది. హ్యాట్రిక్ చూసి కొన్నవాడికి తెలియనిది ఒకటే, ఆ హ్యాట్రిక్ కొట్టిన జట్టు నెల తిరక్కుండానే వేరే జట్టైపోయింది.

టాటెన్‌హామ్ ఆటగాడు సన్ హ్యూంగ్-మిన్‌ది ఏ సూత్రానికీ లొంగని కథ. 2021-22లో 23 గోల్స్‌తో సలాతో కలిసి గోల్డెన్ బూట్ పంచుకున్నాడు. తర్వాతి ఆగస్టులో పన్నెండు పెట్టి కొన్నారు. ఒక్క గోల్ లేదు. వారం వారం అమ్మేశారు. సెప్టెంబరు 17న కోచ్ కాంటే అతన్ని బెంచీ మీద కూర్చోబెట్టాడు. లెస్టర్‌తో ఆటలో గంట కావస్తుండగా లోపలికి వచ్చి పదమూడు నిమిషాల్లో హ్యాట్రిక్ కొట్టాడు, టాటెన్‌హామ్ 6-2తో గెలిచింది. అమ్మినవాళ్లు తల పట్టుకుని మళ్లీ కొన్నారు. సీజన్ మొత్తం మీద అతను వేసినవి పది గోల్స్. అందులో మూడు ఆ ఒక్క సాయంత్రానివే. అంటే అమ్మడం సరైన పనే, కాకపోతే ఒక్క వారం ముందు చేశారు. ఈ ఆటలో సరైన పని చేసినవాడు ఏడవడం మామూలే.

హాలండ్ సంగతి కూడా అంత సాఫీగా ఏం మొదలవలేదు. 2022 జులై 30న కమ్యూనిటీ షీల్డ్‌లో ఖాళీ గోల్ ముందు బంతిని పైకి కొట్టి నవ్వులపాలయ్యాడు. వారం తిరిగేసరికి వెస్ట్‌హామ్ మీద రెండు గోల్స్. దాంతో రెండో వారం బోర్న్‌మత్ వస్తోందని చాలామంది అతన్నే కెప్టెన్ చేశారు. సిటీ 4-0తో గెలిచింది. హాలండ్ బంతిని తాకింది ఎనిమిది సార్లు, గోల్ లేదు, ఒక అసిస్ట్. ఆ వారం అతన్ని తిట్టి పక్కనపెట్టినవాళ్లు ప్యాలెస్ మీద హ్యాట్రిక్‌నీ, నాలుగు రోజులకే నాటింగ్‌హామ్ ఫారెస్ట్ మీద ఇంకో హ్యాట్రిక్‌నీ పోగొట్టుకున్నారు. ఆ సీజన్ అతను 36 గోల్స్‌తో ముగించాడు, లీగ్ రికార్డు. ఎనిమిది సార్లు తాకాడన్నది నిజమే. అతని తావు గోల్ ముందే అన్నది కూడా నిజమే.

మూడున్నరకి డెడ్‌లైన్

తెలుగునాట ఈ ఆటకి వేళలే ఒక పరీక్ష. మొదటి ఆటకి గంటన్నర ముందు జట్టు ఖరారు చేసేయాలి. శనివారం ఇంగ్లండ్‌లో పన్నెండున్నరకి ఆట మొదలైతే మనకి మధ్యాహ్నం మూడున్నరకే గడువు. శుక్రవారం రాత్రి ఆట ఉంటే గడువు మన పదకొండింటికి. సోమవారం ఆట మన మంగళవారం తెల్లవారగట్ల రెండున్నరకి ముగుస్తుంది. అక్టోబరు చివర వాళ్లు గడియారం గంట వెనక్కి తిప్పుకుంటారు కాబట్టి మనకి ఇంకో గంట నిద్ర తక్కువ. గచ్చిబౌలి ఆఫీసుల్లో, ఇంజినీరింగ్ కాలేజీ హాస్టళ్లలో, మాంచెస్టర్‌కో బర్మింగ్‌హామ్‌కో చదువుకోవడానికెళ్లిన పిల్లల గదుల్లో స్నేహితుల మధ్య మినీ లీగులు నడుస్తున్నాయి. ‘కెప్టెన్ ఎవర్ని పెట్టావ్ రా?’ అంటే ‘నువ్వు చెప్పు ముందు’ అనడమే అక్కడ మర్యాద.

దీన్ని చూసి ఇంట్లో పెద్దవాళ్లు బెట్టింగ్ అనుకుంటారు. కాదు. చేరడానికి రూపాయి కట్టక్కర్లేదు, గెలిస్తే మినీ లీగులో రూపాయి రాదు. డబ్బు పెట్టి ఆడే ఆన్‌లైన్ ఆటల్ని తెలంగాణ 2017లో, ఆంధ్రప్రదేశ్ 2020లో నిషేధించాయి. 2025 ఆగస్టులో కేంద్రమే చట్టం చేసి దేశమంతటా ఆపేసింది, డ్రీమ్11 లాంటివి డబ్బు పోటీలు మూసుకున్నాయి. ఈ ఉచిత ఆటకి ఆ సెగ తగల్లేదు. ఓడితే పోయేది పరువు, మహా అయితే ఓ పూట బిర్యానీ ఖర్చు.

అదే 2025 ఆగస్టు లివర్‌పూల్ అభిమానులకి మరపురానిది. ఛాంపియన్లుగా బరిలోకి దిగి వరసగా ఐదు ఆటలు గెలిచారు. కొత్తగా వచ్చినవాళ్లలో విర్ట్జ్, ఎకిటికే, సెప్టెంబరు 1న రికార్డు ధరకి ఇసాక్. ముందటి సీజన్‌లో 344 పాయింట్లు తెచ్చిన సలా ధర పద్నాలుగున్నర. పట్టిక చూస్తే లీగ్ అయిపోయినట్టే ఉంది. గోల్స్ పడిన నిమిషాలు చూస్తే వేరే బొమ్మ కనిపించేది. బోర్న్‌మత్ మీద 88వ నిమిషంలో ముందంజ. న్యూకాజిల్ మీద 100వ నిమిషంలో పదహారేళ్ల రియో ఎన్గుమోహా. ఆర్సెనల్ మీద 83వ నిమిషంలో సోబోస్లాయ్ ఫ్రీకిక్. బర్న్‌లీ మీద 95వ నిమిషంలో సలా పెనాల్టీ. ఇన్నిసార్లు అంచు దాకా వెళ్లి బయటపడిన జట్టుని నేనైతే బలమైన జట్టు అనను.

తర్వాత నాలుగు వరస ఓటములు. ప్యాలెస్‌తో 97వ నిమిషంలో, చెల్సీతో 95వ నిమిషంలో, యునైటెడ్‌తో 84వ నిమిషంలో గోల్ తిని ఓడారు. నాలుగోది బ్రెంట్‌ఫర్డ్‌లో, 3-2. మొదటి ఐదు వారాల్లో ఆఖరి నిమిషాలు ఇచ్చింది తర్వాతి మూడు ఆటల్లో ఆఖరి నిమిషాలే తీసేసుకున్నాయి. ఐదు గెలుపులు చూసి ఆరో వారానికి వైల్డ్‌కార్డ్ వాడి ముగ్గురు లివర్‌పూల్ వాళ్లని దింపుకున్నవాడి అక్టోబరు ఎలా ఉండి ఉంటుందో ఊహించుకోవచ్చు.

ఆ సీజన్ నుంచే నిబంధనల్లో ఒక మార్పు వచ్చింది. డిఫెండర్ ఒక ఆటలో పదిసార్లు బంతిని అడ్డుకున్నా, లాక్కున్నా, అవతలికి తన్నేసినా రెండు పాయింట్లు. ఓడిపోతున్న జట్టు సెంటర్‌బ్యాక్ వచ్చిన బంతినల్లా తంతూ ఉంటే ఇక్కడెవడో పేరు కూడా సరిగా పలకలేని ఆ మనిషి కోసం ‘ఇంకొక్కటి, ఇంకొక్కటి’ అని అరుస్తున్నాడు. ఫుట్‌బాల్‌కి ఇది మేలో కీడో గానీ 0-3తో సాగుతున్న ఆటని కూడా ఆఖరిదాకా చూసేవాళ్లు పెరిగారు.

ఇంకో మార్పు వెనకపడ్డవాళ్ల కోసం చేసినట్టుంది. ఏ మినీ లీగైనా ఆగస్టులో ఇరవై మందితో కళకళలాడుతుంది. దసరా నాటికి సగం మంది జట్టు చూసుకోవడం మానేస్తారు, గాయపడి మంచానపడ్డవాడే వాళ్లకి కెప్టెన్‌గా కొనసాగుతుంటాడు. ఇప్పుడు వైల్డ్‌కార్డ్, ఫ్రీ హిట్, బెంచ్ బూస్ట్, ట్రిపుల్ కెప్టెన్ అనే ‘చిప్స్’ (ఒక్కసారే వాడుకునే వరాలు) నాలుగూ సీజన్ మొదటి సగానికి ఒక విడత, రెండో సగానికి ఇంకో విడత ఇస్తున్నారు. ఆగస్టు దెబ్బకి పారిపోయినవాడు సంక్రాంతి సెలవుల్లో తిరిగొచ్చినా ఖాతాలో కొత్త చిప్స్ నాలుగూ వాడకుండా ఉంటాయి. పాస్‌వర్డ్ గుర్తుంటే చాలు.